గన్నేరు పురుగుల్ని సాకబోయే వాసుకి

చిరంజీవి వాసుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

బాల్కనీలో గన్నేరు హాక్ మాత్‌లని, అదే గన్నేరు ఆకు తినే పురుగు నుంచి వచ్చే, చీకటి పడ్డాక ఎగిరే పెద్ద రెక్కల పురుగుల్ని, పెంచబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అందరూ మందు కొట్టి చంపే పురుగుని నువ్వు సాకుతానంటే మురిసిపోయాను. వెంటనే ఇంట్లో పాకే బుజ్జిది గుర్తొచ్చి గుండె దడదడలాడింది. గన్నేరుపప్పు పేరు వినని ఇల్లు మనవైపు ఉందా? అది పచ్చగన్నేరుదే అయినా, మామూలు గన్నేరులోనూ ఆకు, పువ్వు, పాలు అన్నీ విషమే. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి పేరు పెట్టేటప్పుడు గన్నేరు లాటిన్ పేరు నీరియం కలిపి నీరియై అన్నాడు గానీ, ఈ పురుగు నందివర్ధనం ఆకూ ఇష్టంగా తింటుంది. దాంతోనే సరిపెట్టు, గన్నేరు కొమ్మ గడప దాటనివ్వకు. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్క ఆకు వద్దు, మందు కొట్టి ఉంటారు.

రోజూ తాజా ఆకు వెయ్యి, పెంటికలు ఊడ్చెయ్యి. కొమ్మని నీళ్ల సీసాలో పెడితే మూతి దగ్గర దూది కుక్కు, లేకపోతే పురుగులు కాడ వెంట దిగి మునిగి చస్తాయి. పురుగుల డబ్బాకి మూత బిగిస్తే లోపల చెమ్మ పట్టి రోగం వస్తుంది. దోమతెర గుడ్డ కట్టు. పురుగుల మీద గుడ్లు పెట్టే ఈగలూ రావు.

పుట్టినప్పుడు మూడు నాలుగు మిల్లీమీటర్ల పసుపు పోగు, తోక దగ్గర పొడుగాటి నల్ల కొమ్ము. ఎదిగితే 3 అంగుళాలు, ఆకుపచ్చ ఒళ్లు, మెడ దగ్గర రెండు నీలి కళ్లు. అవి కళ్లు కావు, బెదిరితే తల ముడిచి చూపించే మచ్చలు. కదలకుండా ఉంటే ముట్టుకోకు, కుబుసం విడవబోతోందేమో. చివర్లో వీపు గోధుమరంగుకి తిరిగి, పెంటిక నీళ్లగా పడి, పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. జబ్బనుకుని పారేశావంటే నా చేత తిట్లే! డబ్బాలో మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరువు. వాటి మధ్యే పల్చని పట్టు అల్లుకుని, తిండి మాని పడుండే ప్యూపా అవుతుంది, అందులోంచే రెక్కల మాత్ వస్తుంది.

ఇక నేను చేసిన తప్పు, ఇప్పటికీ మింగుడుపడదు. చీమలకి భయపడి ప్యూపాని నున్నటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాను. బయటికొచ్చిన మాత్‌కి రెక్కలు వేలి గోరంత, తడిగా ముడుచుకుని ఉంటాయి. అది వెంటనే పైకెక్కి వేలాడాలి. అప్పుడే ఒంట్లోని ద్రవం రెక్కల ఈనెల్లోకి పారి అవి విచ్చుకుంటాయి. గోడ నున్నగా ఉంటే కాళ్లు జారతాయి. పడుతూ లేస్తూ ఉండగానే రెక్కలు ముడతలతోనే గట్టిపడతాయి. తర్వాత నువ్వేం చేసినా విచ్చుకోవు. అందుకని నలువైపులా గరుకు గుడ్డ కట్టు, బెరడున్న పుల్లలు ఏటవాలుగా నిలబెట్టు, పైన జానెడు ఖాళీ వదులు. విచ్చుకున్న రెక్కల వెడల్పు 9 నుంచి 11 సెంటీమీటర్లు, దేనికీ తగలకూడదు. చీమలకైతే డబ్బా కాళ్ల కింద నీళ్ల పళ్లేలు చాలు. ప్యూపా అయ్యాక రెండు వారాలు అటూ ఇటూ. రోజూ తవ్వి చూడకు, నాన్నా.

రెక్కలు గట్టిపడ్డాక, చీకటి పడగానే బాల్కనీ లైటు ఆర్పి వదులు. ఆకులు తెంపిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బుజ్జిదాన్ని ఎత్తుకో.

మీ పెద్దమ్మ,
బ్రాడీపేట, గుంటూరు