ఓడ దిగితే జీతం ఆగుతుంది, వడ్డీ ఆగదు

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): నాకు 27 ఏళ్లు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. చర్చిలో కీబోర్డు వాయిస్తూ నేర్చుకున్నాను. ఇప్పుడు క్రూయిజ్ ఓడలో బ్యాండుతో వాయిస్తున్నాను. జీతం నెలకు 2,400 డాలర్లు, తిండీ గదీ కంపెనీవే. ఆరు నెలలు పని, రెండున్నర నెలలు ఇంటి దగ్గర. రెండు కాంట్రాక్టులు పూర్తయ్యాయి, ఇంటికొచ్చి నెలయింది. మొదట్లో ట్రైనింగుకీ ఏజెంటుకీ నూటికి రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చాం, అందులో 3 లక్షలు మిగిలి ఉంది. ఇంటి ఖర్చు నెలకు 45 వేలు నేనే పంపుతాను. చేతిలో లక్షా డెబ్బై వేలుంది. అమలాపురం దగ్గర స్థలం 18 లక్షలకు వస్తోంది, అడ్వాన్సు 50 వేలు ఇచ్చాను. తెలిసినాయన 15 లక్షలు అదే వడ్డీకి ఇస్తానన్నారు, నాన్న కొబ్బరితోట కాగితాలు పెట్టాలి. మిగతా రెండున్నర లక్షలు అమ్మ బంగారం మీద తెస్తాం. రెండు కాంట్రాక్టుల్లో తీర్చేయగలనా? పోర్టు వచ్చినప్పుడల్లా దిగి తిరగడానికి నెలకు 250 డాలర్లు అవుతోంది, అది మానేస్తే సరిపోతుందా? ఇంకో ఏజెంటు రెండున్నర లక్షలు కడితే పెద్ద ఓడలో పని ఇప్పిస్తానంటున్నాడు.

జవాబు: తీర్చలేరు. స్థలం ఎంత మంచిదైనా ఈ అప్పు చేయకండి. వచ్చే వారం నోటు మీద సంతకం పెట్టాలని మీ ఉత్తరం చివర్లో ఉంది కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మీ ప్రశ్న ఎంచుకోవడానికి కారణం ఉంది. ఓడలో పనిచేసేవాళ్లు, గల్ఫ్ వెళ్లినవాళ్లు, పెళ్లిళ్ల సీజనులో వాయించే బ్యాండువాళ్లు, అందరూ చేసే తప్పు మీరూ చేస్తున్నారు. పని ఉన్న నెల జీతాన్ని ఏడాది పొడుగునా వచ్చే జీతంలా లెక్కేస్తారు.

డాలరు 85 రూపాయలనుకుందాం. మీ జీతం 2 లక్షల 4 వేలు. ఊళ్లో అందరికీ తెలిసిన అంకె అదే, అప్పిచ్చే ఆయనకు కూడా. కానీ ఆరు నెలల్లో వచ్చిన 12 లక్షల 24 వేలతో మీ ఇల్లు ఎనిమిదిన్నర నెలలు నడవాలి. అప్పుడు నెలకు పడేది లక్షా 44 వేలు. ఆ 60 వేల తేడాలోనే మీ కష్టమంతా ఉంది.

ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. 15 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 30 వేలు. పాత 3 లక్షలకు 6 వేలు. బంగారం మీద రూపాయి వడ్డీయే అనుకున్నా 2,500. ఇంటి ఖర్చు 45 వేలు. అసలులో పైసా తీరకుండా నెలకు 83,500. మీకు ఇంకా నెలన్నర సెలవు ఉంది కాబట్టి లక్షా పాతిక వేలు అక్కడే పోతుంది. చేతిలో 45 వేలతో ఓడ ఎక్కుతారు. అది కూడా అనుకున్న తేదీకి పిలిస్తే. జాయినింగ్ ఒక నెల వెనక్కి పోయిందా, వడ్డీ కట్టడానికి మళ్లీ వడ్డీకి తేవాలి. సంతకం పెట్టిన మూడో నెలలోనే ఆ పరిస్థితి వస్తుందంటే దాన్ని ప్లాన్ అనకండి బాబూ.

అన్నీ సవ్యంగా జరిగినా, పని ఉన్న నెలల్లో మీకు మిగిలేది లక్ష. ఆరు నెలలకు ఆరు లక్షలు. అందులో తర్వాతి సెలవుకు రెండు లక్షలు పోతే అసలుకు కట్టగలిగేది నాలుగు. మొత్తం అప్పు 20 లక్షల 50 వేలు. వడ్డీ తగ్గుతూ వచ్చినా తీరేసరికి నాలుగు కాంట్రాక్టులు, అంటే దాదాపు మూడేళ్లు. పోర్టులో కాలు పెట్టకుండా గదిలోనే కూర్చున్నా మూడో కాంట్రాక్టు తప్పదు. ఈలోగా ఆ స్థలం ధర ఏటా 24 శాతం పెరిగితేనే మీరు పెట్టిన వడ్డీకి సమానం.

అందుకని ఇటలీలో మీ పోంపేయి షికారు మీద నాకు కోపం లేదు. మీ ఉత్తరంలో నాకు నచ్చిన భాగమే అది. నేపుల్స్‌లో దిగి లోకల్ రైలెక్కి పురాతన శిథిల నగరం పోంపేయి వెళ్లడం, గ్రీసు దీవి శాంతోరినిలో ఓడ దూరంగా ఆగితే చిన్న పడవలో ఒడ్డుకు వస్తుంటే గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు గుర్తొచ్చిందని రాయడం. సాయంత్రం వాయించేవాళ్లకు పగలు దొరుకుతుంది, ఓడలో వంటవాళ్లకు, క్లీనింగువాళ్లకు అంత తేలిగ్గా దొరకదు. ఆ వయసులో ఆ అవకాశం వదులుకోమని నేను చెప్పను. 250ని 175 చేసుకోండి చాలు. వైఫై కోసం పోర్టు బయట కాఫీ షాపులో కూర్చుని వీడియో కాల్ చేసే ఖర్చు కూడా అందులోనే.

రెండు కాంట్రాక్టుల్లో మీరు సంపాదించింది 24 లక్షల పైన. మీ లెక్క ప్రకారం స్లాబుకు ఐదున్నర, కీబోర్డుకూ సామానుకూ రెండున్నర, బండికి లక్షా అరవై వేలు, ఇంటికి దాదాపు ఏడు, అసలు రెండు, వడ్డీ లక్షా ఇరవై. పోర్టులకు రెండున్నర. వీటిలో దేన్నీ దుబారా అనను. కానీ ఈ జాబితాలో అత్యవసర నిధి అనే వరుసే లేదు. ఒక్క రూపాయి కూడా లేదు. నాకు టెన్షన్ వచ్చింది అక్కడ.

మీరు డెల్టాలో పుట్టినవాళ్లు, మీకు దీన్ని నేను నేర్పాలా? ప్రతి వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు ప్రతి ఊళ్లోనూ మంచినీళ్ల చెరువు నింపుకుంటారు. కాలువ మళ్లీ వదులుతారని అందరికీ తెలుసు, అయినా చెరువు నింపకుండా ఉండరు. ఎందుకంటే ఏ రోజు వదులుతారో చెప్పలేం. మీ రెండున్నర నెలల సెలవు కూడా అలాంటిదే. మీ కాలువ తాళం ఎక్కడో అమెరికాలో, మయామీలో ఒక ఓడ కంపెనీ ఆఫీసులో ఉంది.

2020 మార్చి మధ్యలో అమెరికా పోర్టుల నుంచి క్రూయిజ్‌లు ఆగిపోయాయి. అక్కడ పెద్ద ఓడ ఒకటి మళ్లీ ప్రయాణికులతో బయల్దేరింది 2021 జూన్ చివర్లో. పదిహేను నెలలు. నెలకు 83,500 చొప్పున పదిహేను నెలలంటే పన్నెండున్నర లక్షలు. అంత పెద్ద ఆపద మళ్లీ రాకపోవచ్చు. మీ ఒక్కరికే వచ్చే ఆపదకు అంత హంగామా అక్కర్లేదు కదా. ఓడలో ఆ బరువైన ఇనుప తలుపులు మీకు తెలుసు, అలల ఊపుకి వేలు పడిందంటే కీబోర్డు వాయించేవాడికి ఏమవుతుందో కూడా తెలుసు.

ఇక్కడ ఒక చిక్కుంది, చాలామందికి తెలియదు. ఓడలో ఉండగా గాయపడితే, జబ్బు చేస్తే, వైద్యం ఖర్చూ జీతం బాధ్యతా ఓడ యజమానిదే. ఓడ సిబ్బంది హక్కుల అంతర్జాతీయ ఒప్పందం, మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2006లో ఉన్న నిబంధన అది, మన దేశం 2015లో ఒప్పుకుంది. కానీ ఆ బాధ్యతకు గడువు పెట్టుకోవచ్చు, గాయమైన రోజు నుంచి 16 వారాలకు తగ్గకుండా. మీ వేలు పదిహేడో వారంలో వంగకపోతే అది మీ తంటాయే కావచ్చు. ఇక సెలవులో ఉండగా జరిగితే ఆ 16 వారాలూ లేవు.

పాలకొల్లు వైపు ఒక గిటారిస్టు నా దగ్గరకు వచ్చాడు, రెండేళ్లయింది. సెలవులో కాలువ గట్టు మీద బండి జారి ఎడమ మణికట్టు విరిగింది. కంపెనీకి ఫోన్ చేస్తే, మీరు సైన్ ఆఫ్ అయ్యారు (కాంట్రాక్టు ముగించి దిగిపోయారు) కదా, ఫిట్ అయ్యాక మెయిల్ పెట్టండి అన్నారు. తప్పు వాళ్లది కాదు, కాంట్రాక్టే అలా ఉంది. ఆపరేషన్ డబ్బు చెల్లెలి గాజుల మీద తెచ్చారు. ఎనిమిది నెలలు ఖాళీ. నా ముందు కూర్చుని చేతిని తిప్పి చూపించాడు, పూర్తిగా తిరగడం లేదు. అతని మీద అప్పటికే కారు లోను ఉంది.

అందుకే ఉద్యోగులకు ఆరు నెలల నిధి చెప్పే నేను, మీకు పన్నెండు నెలలు చెబుతున్నాను. ఇంటికి 45 వేలు, మీ చేతి ఖర్చు 5 వేలు, ఏడాదికి ఆరు లక్షలు. ఇది పెట్టుబడి కాదు, దీని మీద రాబడి ఎంతని అడగొద్దు.

ఎలా చేయాలంటే, వచ్చే కాంట్రాక్టులో ఇంటి ఖర్చు, 175 డాలర్ల పోర్టు ఖర్చు పోను నెలకు లక్షా 44 వేలు మిగులుతుంది, అందులో 6 వేలు పాత వడ్డీకి. మొదటి నెలది ముట్టుకోకుండా నిధిలో వేయండి. రెండో నెల నుంచి పాత 3 లక్షలు తీర్చండి, నాలుగో నెలలో నోటు చించేయించుకోవచ్చు. (చించేటప్పుడు నాన్నగారు అక్కడ ఉండేలా చూడండి. వెనక ఎంత జమ రాశారో ఇప్పుడే ఒకసారి చూసుకోండి.) ఆ తర్వాత వచ్చిందంతా నిధికే. ఓడ దిగేసరికి అప్పు సున్నా, చేతిలో ఉన్నదానితో కలిపి ఆరు లక్షల పైన. ఒక్క కాంట్రాక్టులో అయ్యే పని ఇది.

ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్న దానికంటే ఎవరు తీయగలరన్నది ముఖ్యం. మీరు అట్లాంటిక్ మధ్యలో ఉంటారు. అర్ధరాత్రి నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చారు. మీ సిమ్‌కు సిగ్నల్ లేదు, ఓటీపీ రాదు. ఖాతాలో ఆరు లక్షలుండి అమ్మగారు పక్కింటివాళ్లను అడగాల్సి వస్తుంది. ఎక్కే ముందే బ్యాంకుకు వెళ్లి అమ్మగారి పేర పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రండి, ఆవిడ పేర ఏటీఎం కార్డు వస్తుందేమో కనుక్కోండి. రెండు లక్షలు సేవింగ్స్‌లోనే ఉంచండి, మిగతాది లక్ష లక్షగా ఎఫ్‌డీలు. అన్నీ కలిపి ఒకే ఎఫ్‌డీ చేస్తే కొంచెం కావాలన్నా మొత్తం తీయాల్సి రావచ్చు, ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన వేసే ఖాతా) డిపాజిట్ ఏడాది లోపు తీస్తే వడ్డీ రాదు.

నెలన్నర టైముంది కాబట్టి ఈ వారంలోనే మీకూ అమ్మానాన్నలకూ హెల్త్ పాలసీ తీసుకోండి. ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు క్లెయిము ఉండదు, ఆలస్యం చేసే కొద్దీ మీ సెలవు అయిపోతుంది. నాన్నగారికి షుగరు ఉంటే దాచకుండా రాయించండి. టర్మ్ పాలసీ (జీవిత బీమా), సిప్ (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టుబడి), ఈ రెండూ అత్యవసర నిధి నిండాక. ఓడలో మీ డ్రమ్మరు చేస్తున్న ఫారెక్స్ ట్రేడింగ్ ఎప్పుడూ వద్దు.

ఆ కొత్త ఏజెంటుకు రెండున్నర లక్షలా? అదే కన్వెన్షన్ ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు ఓడ సిబ్బంది దగ్గర డబ్బు తీసుకోకూడదు. మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ (ఓడ ఉద్యోగి గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టు లాంటి ఖర్చులే మీవి. డీజీ షిప్పింగ్ (కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం) ఇచ్చిన లైసెన్సు నంబరు చూపించమనండి, తర్వాత అతను ఫోన్ ఎత్తుతాడేమో చూద్దాం. మొదటి ఏజెంటుకు ఎంత కట్టారో మీరు రాయలేదు, నేను అడగను.

పన్ను గురించి ఒక్కటే. ఏప్రిల్ నుంచి మార్చి లోపు ఇండియాలో 182 రోజుల కంటే తక్కువ ఉంటే, అంటే కనీసం 184 రోజులు విదేశంలో ఉంటే ఎన్‌ఆర్‌ఐ అవుతారు. మీ ఆరు నెలల కాంట్రాక్టు సరిగ్గా ఆ గీత మీద ఉంది. జనవరిలో ఎక్కి జూన్‌లో దిగితే ఆ రోజులు రెండు ఆర్థిక సంవత్సరాలకు చీలిపోతాయి. సీడీసీలో ఎక్కిన, దిగిన తేదీలు తీసుకుని ఆడిటరు దగ్గర కూర్చోండి. ఓడలో ఇంకో పది రోజులు ఉండమంటే, దిగిపోయే ముందు ఆ లెక్క గుర్తుంచుకోండి.

తోట సంగతి కూడా. నాన్నగారిని 1996 నవంబరు తుఫాను గురించి అడగండి. ఒక్క రాత్రిలో పడిపోయిన చెట్ల స్థానంలో మొక్క వేస్తే కాపుకు ఎన్నేళ్లు పట్టిందో ఆయనే చెబుతారు. మీ ఇంట్లో మీ జీతం కాకుండా ఉన్న ఒకే ఒక్క ఆధారం ఆ తోట. దాని కాగితాలు బీరువాలోంచి బయటకు తీయొద్దు.

ఇక మీరిచ్చిన 50 వేల అడ్వాన్సు. పెద్దమనుషుల్ని తీసుకెళ్లి మర్యాదగా అడగండి, సగమిచ్చినా తెచ్చుకోండి. అసలు ఇవ్వనంటే వదిలేయండి. మీరు చేయబోయిన 15 లక్షల అప్పుకి అది యాభై రోజుల వడ్డీ.