తెరచాప ఓడల కాలంలో నౌకాదళ అధికారి ప్రతిభతోనే పైకి రాగలిగేవాడా?

ప్రఖ్యాత అడ్మిరల్ నెల్సన్ కాలంనాటి (18వ శతాబ్దం చివర) బ్రిటిష్ నౌకాదళంలో అధికారులు ప్రతిభతో ఎదిగేవారా, పలుకుబడితోనా అని అడిగారు. వాణిజ్య నౌకల్లో చాలాకాలం డెక్ అధికారిగా పనిచేసినవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు దగ్గరిది. అధికారి హోదాల్లో మొదటి మెట్టయిన లెఫ్టినెంట్ కావడానికి పని తెలిసి తీరాలి. కెప్టెన్ కావడానికి మాత్రం పైన మనవాడంటూ ఒకడు ఉండాలి.

12, 13 ఏళ్ళ వయసులో ఓడెక్కిన కుర్రవాడు ఆరేళ్ళు సముద్రం మీద గడిపి, అందులో కనీసం రెండేళ్ళు మిడ్‌షిప్‌మన్‌గానో (శిక్షణలో ఉన్న కుర్ర అధికారి) మాస్టర్ మేట్‌గానో (ఓడ దారి చూసే మాస్టర్‌కు సహాయకుడు) పనిచేస్తేనే లెఫ్టినెంట్ పరీక్షకు అర్హుడు. పరీక్ష నోటిమాటగా జరిగేది. కెప్టెన్లు ఎదురుగా కూర్చుని, గాలి ఓడను ఒడ్డు వైపు తోస్తోంది, పై స్తంభం విరిగింది, ఇప్పుడేం చేస్తావని అడిగేవారు. నేను అధికారి సర్టిఫికెట్ కోసం ఓరల్స్‌కు, అంటే నోటి పరీక్షకు వెళ్ళినప్పుడు పరీక్షించే సర్వేయరు గారు కూడా పొగమంచులో ముందు నుంచి హారన్ వినిపిస్తోందని మొదలుపెట్టి, నేను జవాబు చెప్పిన ప్రతిసారీ మరో చిక్కు జోడిస్తూ పోయారు. సీ టైమ్ (సముద్రం మీద పనిచేసిన కాలం) లెక్క చూపనిదే పరీక్షకు రానివ్వని పద్ధతి ఇప్పటికీ ఉంది. అప్పటి సైన్యంలో డబ్బిచ్చి హోదా కొనుక్కోవచ్చు గాని, నౌకాదళంలో కుదరదు. ఆ దళం బలమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

అయితే పరీక్ష నెగ్గితే ఉద్యోగం వచ్చినట్టు కాదు. 1777లో నెల్సన్‌ను పరీక్షించిన బోర్డుకు పెద్ద ఆయన మేనమామ, నౌకాదళ కంప్ట్రోలర్ (పరిపాలన చూసే పెద్ద అధికారి) మారిస్ సక్లింగ్. లెఫ్టినెంట్‌కు కనీసం 20 ఏళ్ళు ఉండాలి కాబట్టి 18 ఏళ్ళవాడికి 20 దాటాయని పత్రంలో రాశారు, మరునాడే పోస్టింగు వచ్చింది. నెల్సన్ మిత్రుడు, న్యూకాజిల్ వర్తకుడి కొడుకు కాలింగ్‌వుడ్ 1761లో చేరి, అమెరికాలో బంకర్ హిల్ పోరాటం తరువాత 1775లో గాని లెఫ్టినెంట్ కాలేదు. తరువాత జమైకాలో అడ్మిరల్ పీటర్ పార్కర్ దయవల్ల నెల్సన్ పైకి వెళ్ళినప్పుడల్లా ఆ ఖాళీలోకి కాలింగ్‌వుడ్ వచ్చారు.

ఏ సిఫారసూ లేనివాళ్ళు లెఫ్టినెంట్లుగానే ఏళ్ళు గడిపేవారు. పోర్ట్స్‌మత్‌లో నెల్సన్ ఓడ విక్టరీని చూసినప్పుడు నేను ఎక్కువసేపు నిలబడింది లెఫ్టినెంట్ల వార్డ్‌రూమ్ (అధికారుల ఉమ్మడి గది) దగ్గరే. వాళ్ళ గదుల గోడలు యుద్ధ సమయంలో ఊడదీసే పలుచని అడ్డుతెరలు. మనిషి పడుకునే చోటు పక్కనే ఫిరంగి ఉంటుంది.

కెప్టెన్ల జాబితాకెక్కాక ఎదుగుదల అంతా సీనియారిటీయే. 1779లో, 20 ఏళ్ళకే ఆ జాబితాలో చేరబట్టి నెల్సన్ 38 ఏళ్ళకు రియర్ అడ్మిరల్ అయ్యారు; ఆయనకంటే పదేళ్ళు పెద్దవారైన కాలింగ్‌వుడ్ వంతు 1799లో వచ్చింది. అంతటి నెల్సన్ కూడా 1788 నుంచి 1793 దాకా ఓడ లేక సగం జీతంతో తండ్రి ఊరు బర్నమ్ థోర్ప్‌లో గడిపారు. కాలింగ్‌వుడ్‌కు మాత్రం విశ్రాంతే దొరకలేదు: 1803లో ఇల్లు విడిచి, ఒకసారి 22 నెలలు లంగరు వేయకుండా సముద్రంలోనే ఉండి, 1810లో ఇంటికి తిరిగివస్తూ ఓడలోనే మరణించారు.

1815లో ఫ్రాన్స్‌తో యుద్ధాలు ముగిసేసరికి అధికారుల్లో అత్యధికులు సగం జీతం మీద ఒడ్డున పడ్డారు. పదవీ విరమణ వయసంటూ లేకపోవడంతో పైన ఎవరైనా చనిపోతే తప్ప జాబితా కదిలేది కాదు. పరీక్ష నెగ్గి ఎదురుచూస్తున్న కుర్రవాళ్ళకు ఎంత పని తెలిసినా ఎక్కడానికి ఓడ లేదు.