ఇల్లు మీది, కింద ఖనిజాలు ప్రభువువి?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో, లింకన్‌షైర్‌లోని ఓ పల్లెలో పాత ఫ్రీహోల్డ్ (స్థలంతో సహా పూర్తిగా సొంతమయ్యే) ఇల్లు బేరం కుదిరింది. టైటిల్ రిజిస్టర్ చూస్తే ‘ఖనిజాలు, వేట హక్కులు లార్డ్ ఆఫ్ ది మేనర్‌వి’ అని 2013 నాటి యూనిలేటరల్ నోటీస్ (యజమాని సమ్మతి లేకుండానే అవతలివాళ్లు నమోదు చేయించే హక్కు ప్రకటన) ఉంది. రేపు ఆయన వచ్చి మా పెరడు తవ్వుతాడా? ఇల్లు కొనడం మానుకోవాలా?

జవాబు: టెన్షన్ పడి బేరం వదులుకోకండి. ఆ ‘లార్డ్’ పార్లమెంటులో కూర్చునే లార్డ్ కానక్కర్లేదు. ఆ బిరుదుల్ని వేలంలో కూడా అమ్ముతారు!

ఒకప్పుడు అక్కడి పల్లెల్లో చాలా భూమి మేనర్ (మన జమీ లాంటి ఎస్టేట్) ప్రభువు కింద ఉండేది. మేనర్ కోర్టు పుస్తకంలో రైతు పేరు రాసి ఇచ్చే నకలే అతని పట్టా. ఈ కాపీహోల్డ్ పద్ధతి 1926 జనవరి 1న రద్దయింది, భూములు ఫ్రీహోల్డ్ అయ్యాయి. అయితే 1922 చట్టం ఖనిజాలు, వేట, సంతల హక్కుల్ని ప్రభువులకే వదిలేసింది. మన దగ్గర 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం గనులతో సహా జమీందారీని ప్రభుత్వపరం చేసింది. అక్కడ అంత తెగింపు చూపలేదు.

ఈ హక్కులు రిజిస్టర్‌లో కనిపించకపోయినా కొన్నవాళ్లను కట్టిపడేసేవి. 2002 భూ రిజిస్ట్రేషన్ చట్టం ఆ వెసులుబాటును 2013 అక్టోబరు 12తో ముగించింది. గడువు దాటేలోగా ప్రభువుల ఎస్టేట్లు ఇలాంటి నోటీసులు కుప్పలుగా పెట్టాయి. మీరు చూసింది బహుశా వాటిలో ఒకటి.

యూనిలేటరల్ నోటీస్ ఉన్నంత మాత్రాన హక్కు రుజువైనట్టు కాదు. యజమాని యూఎన్4 ఫారంతో రద్దు కోరవచ్చు. ఎస్టేట్‌కు 15 పనిదినాల గడువిస్తారు. అభ్యంతరం చెప్పకపోతే నోటీసు పోతుంది, చెబితే, రాజీ కుదరకపోతే, ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. అక్కడ ఓడితే ఖర్చులు మీ మీద పడవచ్చు. కాబట్టి ముందు కౌంటీ రికార్డు ఆఫీసులో మేనర్ పుస్తకాలు, ఎన్‌క్లోజర్ అవార్డు (ఊరి ఉమ్మడి భూముల్ని విడివిడిగా పంచిన పాత పత్రం) చూపించుకోండి. ఆ స్థలం ఎప్పుడూ కాపీహోల్డ్ కాకపోతే, అవార్డులోనూ ఖనిజాలు ప్రభువుకు మినహాయించకపోతే, ఎస్టేట్ వాదన బలహీనమే.

హక్కు నిజమే అనుకుందాం. బొగ్గు, చమురు, గ్యాస్ ఎలాగూ ఆయనవి కావు. మిగిలేవి సున్నపురాయి లాంటివి. కాపీహోల్డ్ నుంచి వచ్చిన భూమైతే, ప్రత్యేక ఆచారం ఉంటే తప్ప, మీ అనుమతి లేకుండా ఆయన పైనుంచి తవ్వలేడు. ఎన్‌క్లోజర్ నుంచి వస్తే అవార్డులోని మాటలే ప్రమాణం. అది మీ సొలిసిటర్ చదవాల్సిందే.

ఇల్లు పెంచి కట్టే ఆలోచన ఉంటే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (ఇలాంటి హక్కు వల్ల నష్టం వస్తే పరిహారమిచ్చే బీమా) అడగండి. ఆ పాలసీ చేతికొచ్చేదాకా ఎస్టేట్‌కు ఉత్తరం కాదుకదా, ఫోన్ కూడా చేయకండి. ముందే కదిలిస్తే బీమా కంపెనీలు సాధారణంగా పాలసీ ఇవ్వవు.