మొప్పలు పాలిపోతే సీసమేనా?

ప్రశ్న: మా చెరువుగట్టున పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీస్తున్నారు. ఈ వానల తర్వాత శీలావతుల మొప్పలు పాలిపోయాయి. రక్తం టౌన్‌లోని ల్యాబ్‌లో ఇస్తే తెల్లకణాలు లక్షల్లో ఉన్నాయన్నారు. సీసం వల్లేనా?
– డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ముందు ఆ రిపోర్టు పక్కన పెట్టండి. ల్యాబ్ వాళ్ల తప్పు కాదు, మెషీన్ మనుషుల కోసం చేసింది. అది ఎర్రకణాలను కరిగించి, మిగిలినవాటిని తెల్లకణాలుగా లెక్కపెడుతుంది. మన ఎర్రకణంలో కేంద్రకం ఉండదు, చేపకు ఉంటుంది. మీ లక్షలన్నీ ఆ కేంద్రకాలే. చేప రక్తకణాలను మైక్రోస్కోపు కింద చేత్తో లెక్కపెట్టాల్సిందే.

చేపను పట్టిన రెండు నిమిషాల్లో రక్తం తీయాలి. ఎక్కువసేపు గింజుకుంటే ప్లీహం దాచుకున్న ఎర్రకణాలను వదిలేస్తుంది, రక్తహీనత కప్పబడిపోతుంది. సూది గుదరెక్క వెనక, తోక కింది వైపునుంచి వెన్నెముక తగిలేదాకా పోనిచ్చి, కాస్త వెనక్కి లాగితే రక్తం వస్తుంది. స్లైడుకు హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు) తగలని మొదటి చుక్కే వాడండి; హెపారిన్ కలిస్తే, కణాలు కనిపించేందుకు వేసే గీమ్సా రంగులో వెనకంతా నీలంగా పడుతుంది. పలచగా పరిచి ఫ్యాను కింద వెంటనే ఆరబెట్టండి. ముసురులో నెమ్మదిగా ఆరితే కణాలు ముడుచుకుని, లేని జబ్బు చూపిస్తాయి. తర్వాత మిథనాల్‌లో 5 నిమిషాలు, 1:10గా కలిపిన గీమ్సాలో 20–30 నిమిషాలు.

వెతకాల్సింది సూక్ష్మకేంద్రకం, అంటే విషాల వల్ల కణంలోని జన్యుపదార్థం దెబ్బతిందని చెప్పే గుర్తు: అసలు కేంద్రకంలో మూడో వంతు కన్నా చిన్నది, గుండ్రటిది, అదే రంగుది, దానికి అంటుకోనిది. ఫోకస్ కదిపినప్పుడు మెరిస్తే అది రంగు నలుసు. చేపకు 1000 కణాలకు తగ్గకుండా చూడండి. బ్యాటరీలు లేని మరో చెరువు చేపలనూ అలాగే చూడకపోతే ఈ శ్రమంతా వృథా. ఏ స్లైడు ఏ చెరువుదో లెక్కపెట్టేవారికి చెప్పకండి.

సీసం హీమ్ (హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) తయారీకి కావలసిన అలాడ్ ఎంజైమును అడ్డుకుంటుంది. ఇనుము సరిపడా ఉన్నా హిమోగ్లోబిన్ పడిపోతుంది. అయితే మొప్పల పురుగులు, చేప పేను పట్టినా మొప్పలు పాలిపోతాయి. పురుగుమందులతోనూ సూక్ష్మకేంద్రకాలు వస్తాయి. రక్తం చాక్లెట్ రంగులో ఉంటే ముందు చెరువు నీటిలోని నైట్రైట్‌ను అనుమానించండి. సీసమేనని తేల్చేది బురదలో, చేప కండలో కొలతే. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల) పరిమితి కిలో చేపకు 0.3 మిల్లీగ్రాములు. నమూనాల డబ్బాలను 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, శుద్ధజలంతో కడగండి.

ఫలితం వచ్చేదాకా ఆ చేపలు తినకండి. సీసం కండలో కన్నా ఎముకల్లో, మొప్పల్లో, మూత్రపిండంలో ఎక్కువ చేరుతుంది, తలకాయ పులుసు అసలే వద్దు. ఎంత మరిగించినా సీసం పోదు.