రెండో భాగం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రెండో భాగం రాతప్రతి అందింది. తీరిగ్గా చదివాను. ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నౌపడ ఉప్పుమళ్లలో రాత్రిపూట ఏదో పడటం, తెల్లారి దాన్ని ముట్టుకున్న అప్పన్నకి కుడిచేతిలో స్పర్శ పోవటం, ఆ చేత్తోనే అన్నం కలుపుకుంటూ వేడి తెలియక వేళ్లు కాల్చుకోవటం. మొదటి భాగంలో ఆ పేజీని నేను ఎంతమందికి చదివి వినిపించానో. ఆకాశం నుంచి ఊడిపడినదాన్ని ఒక కూలి మనిషి అన్నం కంచం దాకా తీసుకొచ్చావు. అలాంటిది, రెండో భాగం తెరవగానే మొదటి పేజీలోనే ‘ఆ తర్వాత రెండేళ్లకు అప్పన్న గుండెపోటుతో పోయాడు’ అన్న ఒక్క వాక్యం కనపడేసరికి ప్రాణం ఉసూరుమంది. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో ‘రిసర్జెన్స్’ అని రాశాను. ఎందుకు రాశానో చెబుతాను.

గ్రహాంతరవాసులు భూమి మీదికి దండెత్తే కథతో హాలీవుడ్ దర్శకుడు రోలాండ్ ఎమెరిక్ 1996లో తీసిన ‘ఇండిపెండెన్స్ డే’ నువ్వు పుట్టకముందు సినిమా అయినా చూసే ఉంటావు. దానికి ఇరవై ఏళ్ల తర్వాత, 2016లో, ఆయనే ‘ఇండిపెండెన్స్ డే: రిసర్జెన్స్’ తీశాడు. మొదటిదానికి దాదాపు 7.5 కోట్ల డాలర్లు ఖర్చయితే ప్రపంచమంతా కలిపి 81 కోట్లకు పైగా వచ్చింది. రెండోదానికి 16.5 కోట్లు పోశారు, వసూళ్లు 39 కోట్ల దగ్గర ఆగిపోయాయి. డబ్బు లెక్క మనకెందుకు అంటావేమో. ఖర్చు రెట్టింపు దాటి, రాబడి సగానికి పడిపోయిందంటే, జనం మొదటిసారి అక్కడ దొరికింది మళ్లీ దొరుకుతుందని వచ్చి, దొరక్క వెళ్లిపోయారన్నమాట. అదేమిటో కథ రాసేవాళ్లం వెతుక్కోవాలి.

మొదటి సినిమాలో విల్ స్మిత్ వేసిన పైలట్ పాత్ర స్టీవెన్ హిల్లర్. కూలిన నౌకలోంచి బయటికొచ్చిన గ్రహాంతరవాసిని ఒక్క గుద్దు గుద్ది, పారాషూట్ గుడ్డలో చుట్టి, ఎడారిలో ఈడ్చుకుంటూ, ఎండని తిట్టుకుంటూ, దాని కంపుని తిట్టుకుంటూ పోతాడు. అంత పెద్ద యుద్ధం మధ్యలో అది ఒక మామూలు మనిషి చిరాకు, అందుకే జనానికి గుర్తుండిపోయింది. రెండోదానికి విల్ స్మిత్ రాలేదు. దాంతో హిల్లర్ 2007లో కొత్త యుద్ధవిమానాన్ని పరీక్షిస్తూ చనిపోయాడని చెప్పి, వైట్‌హౌస్ గోడకి పటం తగిలించి సరిపెట్టారు. విల్ స్మిత్ తప్పుకున్నాక హడావుడిగా మరో స్క్రిప్టు అతికించాల్సి వచ్చిందనీ, అప్పుడే సినిమా ఆపేసి ఉండాల్సిందనీ దర్శకుడే తర్వాత ఒప్పుకున్నాడు. స్క్రీన్‌ప్లే కింద ఐదుగురి పేర్లున్నాయి. ఆ ఐదుగురిలో ఒక్కరైనా ఆ పటం ముందు హిల్లర్ కొడుకుని కాసేపు నిలబెట్టి, వాడి మనసులో ఏముందో అడిగి ఉండాల్సింది.

వాళ్లకి నటుడు దొరకలేదు. నీకు ఆ ఇబ్బంది లేదు. అప్పన్నని ఉంచటం, తీసెయ్యటం పూర్తిగా నీ చేతిలో పని. చంపాలనే ఉంటే చంపు. కానీ ఆ చెయ్యి ఏమైంది? కట్టె మీద అది కాలిందా? ప్రభుత్వం మనుషులెవరైనా వచ్చి శవాన్ని అడిగారా? అడిగితే పెళ్లాం ఏమంది? ఒక్క వాక్యంలో తోసేసిన ఆ చావులో ఒక అధ్యాయం ఉంది. అతను పోయాక ఆ ఇంట్లో, ఆ ఊళ్లో ఏదీ మారకపోతే, మొదటి భాగంలో మేం అతని కోసం పడ్డ బాధంతా వృథా అయినట్టే.

ఇంకో చావు సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ రెండు సినిమాల తేడా అంతా నాకు అక్కడే కనిపించింది. మొదటి సినిమాలో అమెరికా అధ్యక్షుడు విట్‌మోర్ భార్య హెలికాప్టర్ కూలి గాయపడుతుంది. శిథిలాల మధ్య ఆమెను చూసి చేరదీసేది జాస్మిన్, హిల్లర్ ప్రియురాలు. చివరికి భర్త దగ్గరికి చేర్చేసరికి ఆలస్యమైపోతుంది, లోపల రక్తస్రావం, డాక్టర్లు చెయ్యగలిగింది లేదు. భార్యాభర్తలు నాలుగు మాటలు మాట్లాడుకుంటారు. పిలిచినప్పుడే ఇంటికి వచ్చేయాల్సింది, రాలేదు, క్షమించమంటుందామె. ఆయన బయటికొస్తే చిన్నపిల్ల ప్యాట్రీషియా కూర్చుని ఉంటుంది. అమ్మ నిద్రపోతోందా అని అడుగుతుంది. అవునంటాడు. అంతే సీను. ఒక్క పేలుడు లేదు. తర్వాత ఆ మనిషే స్వయంగా విమానమెక్కి యుద్ధానికి బయల్దేరితే, ఎందుకు వెళుతున్నాడో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో సినిమాకి వచ్చేసరికి ఆ జాస్మిన్ ఆస్పత్రిలో పెద్ద ఉద్యోగంలో ఉంటుంది. భవనం కూలిపోతుంటే ఒక బాలింతనీ, పసిగుడ్డునీ హెలికాప్టర్‌లోకి ఎక్కించి తను పడిపోతుంది. కొడుకు డిలన్ చూస్తుండగానే. వినటానికి ఇది మొదటిదానికంటే పెద్ద త్యాగం. కానీ సినిమాకి ఆగే తీరిక లేదు, వెంటనే ఇంకో ఊరు కూలాలి, ఇంకో విమానం ఎగరాలి. ఇందులో నన్ను నిజంగా బాధపెట్టిన సంగతి వేరే ఉంది. ప్యాట్రీషియా ఇప్పుడు పెద్దదైంది, డిలన్‌కి చిన్నప్పటి స్నేహితురాలు. ఒకరి తల్లి మొదటి సినిమాలో పోయింది, రెండోవారి తల్లి ఇప్పుడు పోయింది. పైగా ఆ మొదటి తల్లిని శిథిలాల్లోంచి తీసుకొచ్చింది ఈ రెండో తల్లే. ఈ ఇద్దరు పిల్లల్నీ ఒక గదిలో కూర్చోబెడితే ఎంత కథ ఉంది! ఇరవై ఏళ్లు గడిస్తే తప్ప రాయలేని సీను అది. సీక్వెల్‌కి మాత్రమే ఉండే హక్కు. దాన్ని ఓదార్పు మాటలకు మించి పోనివ్వలేదు.

నీ రెండో అధ్యాయంలో విశాఖ, చెన్నై, సింగపూర్ వరసగా పోతాయి. విశాఖలో నీ కథానాయిక అన్న ఉన్నాడు. అతను పోయిన పేరాకీ, ఆమె జీపెక్కే పేరాకీ మధ్య ఒక్క ఖాళీ గీత మాత్రం ఉంది. ఆ గీత ఉన్నచోట ఆమె ఒక రాత్రి గడపాలి.

ఇక పరిమాణం. మొదటి సినిమాలో నగరాల మీదికి వచ్చిన అంతరిక్ష ఓడలు ఒక్కోటీ 15 మైళ్ల వెడల్పు, అంటే దాదాపు 24 కిలోమీటర్లు. వీధిలో నడిచేవాళ్ల మీదికి నీడ పాకుతూ వస్తుంది, తలెత్తి చూస్తారు. ముప్పావు గంట దాకా ఒక్క భవనం కూలదు. అప్పటిదాకా మనం చూసేది టీవీల ముందు గుమిగూడిన జనాన్ని, ఊరు వదిలిపోయే కార్లని, ఉపగ్రహాల్లో దాగిన సంకేతం గంటలు లెక్కపెడుతోందని కనిపెట్టి, వైట్‌హౌస్‌లో పనిచేసే మాజీ భార్యకి చెప్పాలని పరుగెత్తే ఒక కేబుల్ కంపెనీ టెక్నీషియన్‌ని. వైట్‌హౌస్ పేలే ఆ షాట్ కోసం పన్నెండో వంతు సైజులో నమూనా కట్టి పేల్చారు. వీధుల్లో మంట దూసుకొచ్చే షాట్‌కి నమూనా వీధిని నిలువుగా నిలబెట్టి, పైన కెమెరా పెట్టి, కింద నిప్పు రాజేశారు. మంట సహజంగా పైకి ఎగబాకుతుంది కదా, తెర మీద అది మన మీదికి వచ్చినట్టుంటుంది. ఆ సినిమాకి ఆస్కార్ ఊరికే రాలేదు.

రెండోదాంట్లో ఓడ వెడల్పు 3,000 మైళ్లు. అట్లాంటిక్ మహాసముద్రం మీద దిగుతుంది. కౌలాలంపూర్‌లోని పెట్రోనాస్ టవర్లు గాల్లోకి లేచి లండన్ మీద పడతాయి. 3,000 మైళ్ల కింద ఎవరు నిలబడి ఎవరి నీడని చూస్తారు? దాని అంచు ఒక మనిషి కంటికి ఆనదు. భూమి మధ్యదాకా తవ్వుతోంది, ఇంక ఇన్ని నిమిషాలే ఉంది అన్న లెక్క కూడా సముద్రం మీద ఒక పడవలో ఉన్న, మనకి సరిగా పరిచయం కాని నలుగురి నోట వింటాం. మొదటిదాంట్లో ఆ లెక్క ప్రేమించిన మనిషిని కాపాడుకోవాలనుకునేవాడి ల్యాప్‌టాప్‌లో ఉంది. నీ మొదటి భాగంలో పడిన వస్తువు ఎడ్లబండి అంత అన్నావు. ఇప్పుడు అలాంటివి ఏడు, ఒక్కోటీ జిల్లా అంత. ఆ జిల్లా అంత దాన్ని చూసేది ఎవరు, ఎక్కడ నిలబడి? ప్రతిసారీ ఈ ప్రశ్న వేసుకో.

అలాగని పెంచటమే తప్పని నేననను. 1979లో వచ్చిన ‘ఏలియన్’లో ఒకే ఒక జంతువు. 1986లో జేమ్స్ కామెరాన్ దానికి సీక్వెల్ ‘ఏలియన్స్’ తీస్తూ వాటిని గుంపులు గుంపులుగా వదిలాడు, చివర్లో వాటి రాణిని కూడా తెచ్చాడు. ఖర్చయినది రెండు కోట్ల డాలర్ల లోపే. ‘రిసర్జెన్స్’ చివర్లోనూ రాణి ఉంది, అదీ పిల్లల వెంటే పడుతుంది. ఎడారిలో పిల్లలున్న స్కూలు బస్సుని అంతెత్తు రాణి తరుముతుంది. బస్సులో పిల్లల పేర్లు సినిమా అయ్యాక ఎవరికీ గుర్తుండవు. ‘ఏలియన్స్’లో న్యూట్ అనే పాప ఉంది. ఆ పిల్లని కథానాయిక రిప్లీ మొదట దగ్గర కూర్చోబెట్టుకుని మొహం మీది మట్టి తుడుస్తుంది. తుడిచినచోట చిన్న మచ్చలా తెల్లగా కనపడుతుంది. అయ్యో, ఇప్పుడు మొత్తం తుడవాల్సిందే అంటుంది. ఆ తర్వాత నిన్ను వదిలిపోను అని మాటిస్తుంది. రాణి వచ్చింది ఆ తుడిచిన మొహం కోసమని మనకి తెలుసు కాబట్టే కుర్చీ అంచుకి జరుగుతాం.

ఇంకో సంగతి గమనించు. చివరి పోరాటంలో రిప్లీ తొడుక్కుని వచ్చే బరువులెత్తే యంత్రం హఠాత్తుగా ఊడిపడదు. కథ మొదట్లోనే, సైనికుల మధ్య తనకి పనేమీ లేదని తోచి, నేనిది నడపగలనని చెప్పి, ఒక పెట్టె ఎత్తి చూపిస్తుంది. అప్పుడు సైనికులు నవ్వుకుంటారు, మనమూ నవ్వుకుంటాం. నీ పద్దెనిమిదో అధ్యాయంలో బడిపిల్లల పడవని కాపాడటానికి వచ్చే ఆ డ్రోను అంతకుముందు ఎక్కడా లేదు. నాలుగో అధ్యాయంలో దాన్ని ఎవరైనా పనికిరాదని పక్కన పడెయ్యాలి. పడవలో కనీసం ఒక్క పిల్లైనా మాకు ముందే తెలిసి ఉండాలి, ఆ పిల్ల జడ ఎవరు వేస్తారో కూడా.

‘రిసర్జెన్స్’లో బాగున్నది బొత్తిగా లేదనుకోకు. యుద్ధం తర్వాత మనుషులు శత్రువుల యంత్రాల్నే వాడుకుంటూ చంద్రుడి మీద స్థావరం కట్టుకోవటం మంచి ఊహ. విట్‌మోర్‌ని ఇరవై ఏళ్లుగా వెంటాడే పీడకలలు మంచి ఊహ. అన్నిటికంటే మంచిది ఆఫ్రికాలో ఒకచోట దిగిన ఓడలోని వాళ్లతో అక్కడి జనం నేల మీద పదేళ్లు పోరాడారన్న సంగతి. ఉంబుటు అనే నాయకుడు వాళ్లని ఎలా చంపాలో అనుభవంతో నేర్చుకున్నాడు. ప్రపంచమంతా గెలిచామని పండగ చేసుకుంటుంటే ఒక మూల పదేళ్లు యుద్ధం ఆగలేదు. రెండో సినిమా అదే అయి ఉండాల్సింది! దాన్ని నాలుగు డైలాగుల్లో చెప్పేసి, పెట్రోనాస్ టవర్ల మీదికి వెళ్లిపోయారు. నాకు ఇప్పటికీ కోపమే.

నీ రాతప్రతిలోనూ అలాంటి వాక్యం ఒకటి ఉంది, నువ్వు గమనించావో లేదో. ఇరవై రెండో పేజీలో, ‘ఆ రెండేళ్లూ భావనపాడు జాలర్లు ఆ వైపు వేటకి పోలేదు’ అన్నావు. రెండేళ్లు వేట లేకపోతే ఏం తిన్నారు? వలలు ఏమయ్యాయి? పోకూడదన్నది ఎవరు? ఆకలికి తాళలేక ఒకడైనా వెళ్లే ఉంటాడు, వాడికి ఏం దొరికింది? నీ రెండో భాగం అక్కడుంది.

చివరి పేజీ గురించి ఒక్క మాట. ‘రిసర్జెన్స్’ చివర్లో, రాణిని చంపిన కాసేపటికే, ఇక మనమే నక్షత్రాల దాకా వెళ్లి వాళ్లతో పోరాడాలి అని మూడో సినిమాకి తలుపు తెరిచారు. ఆ మూడోది రానేలేదు. కోట్లమంది పోయిన రోజు సాయంత్రం అందరూ ఉత్సాహంగా కేకలేస్తుంటే, పోయినవాళ్లకి ఏడ్చేవాళ్లెవరు? నువ్వు కూడా చివరి పేరాలో ఎనిమిదో వస్తువుని అరేబియా సముద్రంలో పడేశావు. కొట్టెయ్యి. మూడో భాగం రాయాలనిపిస్తే అప్పుడు రాద్దువుగాని.

ముందు భావనపాడు అధ్యాయం రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. ఒకరోజు అక్కడికి వెళ్లి వేట నిషేధం రోజుల్లో ఇళ్లల్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆడవాళ్లని అడుగు. గడువు సంగతి సంపాదకుడితో నేను మాట్లాడతాను. అన్నట్టు, అప్పన్న భార్య పేరు ఒకచోట నూకాలమ్మ, ఇంకోచోట నూకరత్నం అని పడింది. ఏదో ఒకటి ఖాయం చేసుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు