సివ్ 4లో ఏ లీడర్‌కి ఏ వండర్? నా ఆటల్లో కలిసొచ్చిన జోడీలు

మీరు అడిగింది ఇదీ: సివిలైజేషన్ 4 అనే కంప్యూటర్ ఆటలో ఇండస్ట్రియస్ ట్రెయిట్ (ట్రెయిట్ అంటే లీడర్‌తో పాటు వచ్చే బోనస్ గుణం) ఉన్న లీడర్‌ని తీసుకుని అందిన వండర్‌నల్లా (ఆట మొత్తంలో ఒక్కరే పూర్తి చేయగల ప్రత్యేక కట్టడం) కట్టేస్తున్నారు, అయినా ఆట సగానికి వచ్చేసరికి సైన్స్‌లో వెనకబడిపోతున్నారు; ఏ లీడర్‌కి ఏ వండర్ జత చెయ్యాలి? నేను ఎక్కువగా ఆడేది 2007లో వచ్చిన బియాండ్ ది స్వోర్డ్ ఎక్స్‌పాన్షన్, నార్మల్ స్పీడ్ మీద. కింద రాసిన అంకెలన్నీ దానివే.

వండర్ల పేర్లలోకి వెళ్లే ముందు ఒక లెక్క చూడాలి. ఈ ఆటలో ఒకే రకం బోనస్‌లు రెండు దొరికితే అవి కూడతాయి తప్ప ఒకదాన్నొకటి గుణించవు. ఫిలసాఫికల్ లీడర్‌కి పార్థెనాన్ తప్పనిసరి అని చాలామంది చెబుతారు. రెండింటి వివరణలోనూ గ్రేట్ పీపుల్ (పాయింట్లు పోగైతే పుట్టే గ్రేట్ సైంటిస్ట్ లాంటి ప్రత్యేక వ్యక్తులు) మాట ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. లైబ్రరీ కట్టి ఇద్దరు సైంటిస్టులని పెడితే టర్న్‌కి 6 గ్రేట్ పర్సన్ పాయింట్లు వస్తాయి. మొదటి గ్రేట్ సైంటిస్ట్‌కి 100 కావాలి, అంటే 17 టర్న్‌లు. ఫిలసాఫికల్ ఉంటే ఆ 6 కాస్తా 12 అవుతుంది, 9 టర్న్‌ల్లో పని అయిపోతుంది. పార్థెనాన్ ఇచ్చే 50 శాతం మొదటి 6 మీదే పడుతుంది, 12 మీద పడదు. కాబట్టి మొత్తం 15, అంటే 7 టర్న్‌లు. 400 హ్యామర్లు (నగరం ఉత్పత్తికి కొలత) పోస్తే మిగిలింది రెండు టర్న్‌లు. అదే ఫిలసాఫికల్ కాని లీడర్‌కి 17 టర్న్‌లు 12కి దిగుతాయి. పార్థెనాన్ విలువ ఎక్కువగా తెలిసేది ఈ రెండోవాడికే.

ఈ లెక్క ఒంటపట్టాక నేను వండర్లని చూసే పద్ధతి మారింది. ట్రెయిట్ ఏ పని చేస్తుందో అదే పని చేసే వండర్‌ని పక్కన పెడతాను. ట్రెయిట్ వల్ల నా దగ్గర ఏది ఎక్కువగా పోగవుతుందో, దాని మీద ఇంకో రకం లాభం ఇచ్చే వండర్ కోసం చూస్తాను.

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ పిరమిడ్స్. ఇది కడితే టెక్నాలజీతో పనిలేకుండా గవర్నమెంట్ సివిక్స్ (మనం ఎంచుకునే పాలనా పద్ధతులు) అన్నీ తెరుచుకుంటాయి. వాటిలో రిప్రజెంటేషన్ ప్రతి స్పెషలిస్ట్‌కి (పొలం పని మాని సైంటిస్ట్ లాంటి కొలువు చేసే పౌరుడు) 3 బీకర్లు (సైన్స్ పాయింట్లు) కలుపుతుంది. మామూలుగా 3 బీకర్లిచ్చే సైంటిస్ట్ 6 ఇస్తాడు. ఫిలసాఫికల్ లీడర్ ఎలాగూ గ్రేట్ పీపుల్ కోసం పొలాలు వేసి, తిండి పెంచి, స్పెషలిస్టులని నడుపుతాడు. ఆ మనుషులే ఇప్పుడు ఒక చేత్తో రెట్టింపు గ్రేట్ పర్సన్ పాయింట్లు, రెండో చేత్తో రెట్టింపు సైన్స్ ఇస్తారు. రెండు బోనస్‌లూ వేరే వేరే ఖాతాల్లో పడుతున్నాయి, దేనిలోనూ కోత లేదు. పెరిక్లీస్ అయితే క్రియేటివ్ కూడా, లైబ్రరీ సగం ఖర్చుకే వస్తుంది కాబట్టి సైంటిస్టులు ఇంకా ముందే కుర్చీల్లో కూర్చుంటారు. పెరిక్లీస్‌తో రాతి గని దొరికిన ఆటల్లో నేను పిరమిడ్స్ వదులుకోను.

స్పిరిచువల్ లీడర్ చేతిలో ఇదే పిరమిడ్స్ పూర్తిగా వేరే వండర్. స్పిరిచువల్‌కి సివిక్ మార్చినప్పుడు అరాచకం ఉండదు. కానీ ఆట మొదట్లో మార్చుకోవడానికి సివిక్సే ఉండవు, ట్రెయిట్ ఊరికే పడి ఉంటుంది. పిరమిడ్స్ ఆ లోటు తీరుస్తుంది. గాంధీతో ఆడిన ఒక ఆట నాకు బాగా గుర్తుంది. రిప్రజెంటేషన్‌లో హాయిగా సైన్స్ చేసుకుంటుంటే పక్కవాడు యుద్ధం ప్రకటించాడు. వెంటనే పోలీస్ స్టేట్‌కి మారాను: సైన్యం తయారీ 25 శాతం వేగం, యుద్ధం వల్ల వచ్చే విసుగు సగం. సరిహద్దు నగరం నిలబడ్డాక మళ్లీ రిప్రజెంటేషన్. పోయిన టర్న్ ఒక్కటి కూడా లేదు. వరసగా రెండుసార్లు మార్చడానికి మధ్యలో కొన్ని టర్న్‌లు ఆగాలి, అంతే. ఖజానాలో బంగారం మూలుగుతుంటే యూనివర్సల్ సఫ్రేజ్‌కి వెళ్లి డబ్బుతో భవనాలు పూర్తి చేయించవచ్చు. గాంధీ ఫిలసాఫికల్ కూడా కాబట్టి ఈ ఒక్క వండర్ అతని రెండు ట్రెయిట్స్‌నీ పట్టుకుంటుంది. రామ్‌సెస్ ఇండస్ట్రియస్, స్పిరిచువల్. అతనికి కట్టడమూ తేలికే. ఎప్పుడో రేడియో తర్వాత వచ్చే క్రిస్టో రెడెంటార్ కూడా అరాచకం తీసేసేదే. స్పిరిచువల్ లీడర్‌కి దానితో కొత్తగా ఒరిగేది చాలా తక్కువ.

స్టోన్‌హెంజ్ గురించి ఇద్దరు ఆటగాళ్లు వాదించుకుంటుంటే ముందు వాళ్ల లీడర్లెవరో అడగాలి. 120 హ్యామర్ల వండర్, ప్రతి నగరానికీ ఒక మాన్యుమెంట్ (కల్చర్ ఇచ్చే చిన్న కట్టడం) ఉచితం. క్రియేటివ్ లీడర్‌కి ప్రతి నగరంలో ఎలాగూ 2 కల్చర్ వస్తుంది, సరిహద్దులు వాటంతటవే పెరుగుతాయి, మాన్యుమెంట్‌తో పెద్ద పని లేదు. కరిస్మాటిక్ లీడర్ సంగతి వేరు. అతనికి ప్రతి మాన్యుమెంట్ ఒక సంతోషం కూడా ఇస్తుంది, ట్రెయిట్ నేరుగా ఇచ్చేది ఇంకొకటి. అంటే కొత్తగా వేసిన ఏ ఊరైనా ఇటుక పేర్చకుండానే రెండు సంతోషాలతో మొదలవుతుంది, జనాభా ఇంకో ఇద్దరు పెరగొచ్చు. విడిగా కడితే మాన్యుమెంట్ 30 హ్యామర్లు, కాబట్టి ఐదో నగరం నుంచీ అంతా లాభమే. డి గాల్ కరిస్మాటిక్‌తో పాటు ఇండస్ట్రియస్ కూడా, అతనికి స్టోన్‌హెంజ్ 80 హ్యామర్లకే లేస్తుంది. ఇంత చవగ్గా ఇంత దూరం వచ్చే జోడీ ఇంకొకటి నాకు కనిపించలేదు.

సముద్రం ఎక్కువున్న మ్యాప్ అయితే నాకు ఇష్టమైనవాడు వైనా కపాక్: ఫైనాన్షియల్, ఇండస్ట్రియస్. తీరం గడి మామూలుగా 2 కామర్స్ ఇస్తుంది. ఫైనాన్షియల్‌తో 3, కొలోసస్ కడితే 4. లైట్‌హౌస్ ఉంటే ఆ గడిలో 2 తిండి కూడా ఉంటుంది, కాబట్టి అక్కడ పనిచేసే మనిషి తన తిండి తనే తిని 4 కామర్స్ ఇంటికి తెస్తాడు. ఊరి చుట్టూ నీళ్లే ఉన్నా దిగులు లేదు. కొలోసస్‌కి ముందు ఫోర్జ్ కావాలి, ఇండస్ట్రియస్‌కి అది 120 బదులు 60 హ్యామర్లు. నేను చేసేది: పాటరీ, బ్రాంజ్ వర్కింగ్ చూసుకుని, ఒరాకిల్ కట్టి దాని ఉచిత టెక్నాలజీగా మెటల్ కాస్టింగ్ తీసుకోవడం. ఫోర్జ్ వెంటనే, కొలోసస్ ఆ వెనకే. రాగి ఉంటే ఇంకా వేగం. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి, ఆస్ట్రానమీ నేర్చుకున్న క్షణాన కొలోసస్ పని ఆగిపోతుంది. అందుకని ఆ టెక్నాలజీని నేను వీలైనంత వెనక్కి నెడతాను.

ఆర్గనైజ్డ్ లీడర్‌కి గ్రేట్ లైట్‌హౌస్. తీరంలో ఉన్న ప్రతి నగరానికీ రెండు వాణిజ్య మార్గాలు ఎక్కువ వస్తాయి, అంటే తీరం వెంట ఎన్ని ఊళ్లు వేస్తే అంత మంచిది. ఊళ్లు పెరిగితే మెయింటెనెన్స్ నడ్డి విరుస్తుంది. ఆర్గనైజ్డ్‌కి సివిక్ ఖర్చు సగం, కోర్ట్‌హౌస్ సగం ధర, ఈ వండర్‌కి ముందు కావలసిన లైట్‌హౌస్ కూడా 60 బదులు 30 హ్యామర్లే. వండర్ ఊళ్లు వెయ్యమంటుంది, ట్రెయిట్ వాటి ఖర్చు మోస్తుంది. దరియస్‌తో ద్వీపాల మ్యాప్ మీద ఇది ఒకసారి ఆడి చూడండి.

గ్రేట్ వాల్ గురించి ఒక్క మాట. గోడ, ఇంపీరియలిస్టిక్ ట్రెయిట్ రెండూ గ్రేట్ జనరల్స్ (పోరాటాల వల్ల పుట్టే సేనానులు) త్వరగా వచ్చేలా చేసేవే కాబట్టి దాన్ని ఇంపీరియలిస్టిక్‌కి అంటగడతారు, కానీ దాని బోనస్ మన సరిహద్దుల లోపల జరిగే పోరాటాలకే వర్తిస్తుంది. ఇంపీరియలిస్టిక్‌తో నేను బయటికెళ్లి కొడతాను. గోడల వెనక కూర్చుని శత్రువుని లోపలికి రానిచ్చి కొట్టే ప్రొటెక్టివ్ లీడరే దానికి సరైనవాడు. చిన్ షి హువాంగ్‌కి రాయి దొరికితే మరీ బాగుంటుంది.

ఇక మీ ఇండస్ట్రియస్ లీడర్. ఈ ట్రెయిట్ వండర్లని 50 శాతం వేగంగా కట్టిస్తుంది. అంతకుమించి ఏ వండర్ కట్టాలో చెప్పదు, అది రెండో ట్రెయిట్ చూసి మీరే తేల్చుకోవాలి. మీరు వెనకబడటానికి కారణం నా ఉద్దేశంలో ఇదే: సెటిలర్లకీ వర్కర్లకీ పోవాల్సిన హ్యామర్లు మీ ఆటతీరుకి అక్కరలేని వండర్లలోకి పోతున్నాయి. రాయి లేదా పాలరాయి ఉన్నచోట ట్రెయిట్ ఇచ్చే 50, ఆ రాయి ఇచ్చే 100 కలిసి 150 శాతం అవుతుంది. అడవి కొడితే వచ్చే 20 హ్యామర్లు అప్పుడు 50 అవుతాయి. పిరమిడ్స్ ఖరీదు 500, అంటే పది అడవులు. ఏ బోనసూ లేనివాడికి ఇరవై అయిదు కావాలి. అందుకే ఇండస్ట్రియస్ అయిన బిస్మార్క్ పక్కన రాయి కనిపిస్తే నేను రెండో నగరాన్నే ఆ రాయి మీదికి వేసి, వర్కర్లని ముందు రోడ్డు మీద, తర్వాత అడవి మీద పెడతాను. తర్వాతి సెటిలర్ ఎప్పుడు బయల్దేరాలో మాత్రం అడవి కొట్టడం మొదలుపెట్టకముందే అనుకుని ఉంచుకుంటాను.

మరి అక్కరలేని వండర్లకి కూడా ఇండస్ట్రియస్ చేతిలో ఒక ఉపయోగం ఉంది. మనం కడుతున్న వండర్‌ని వేరేవాడు ముందు పూర్తి చేస్తే, పోసిన హ్యామర్లు బంగారంగా వెనక్కి వస్తాయి. బోనస్ కలిపిన హ్యామర్లే లెక్కలోకి వస్తాయి. మ్యాథమెటిక్స్ తర్వాత ఒక అడవి 30 హ్యామర్లు; పాలరాయి ఉన్న ఇండస్ట్రియస్ లీడర్ దాన్ని పాలరాయి వండర్‌లో పోస్తే 75. వండర్ చేజారితే 75 బంగారం. పార్థెనాన్‌తో పనిలేని ఆటల్లో నేను దాన్ని ఒక చిన్న ఊళ్లో మొదలుపెట్టి, సగం దాకా తెచ్చి వదిలేస్తాను. ఎవరో ఒకరు పూర్తి చేస్తారు. ఆ డబ్బుతో సైన్స్ స్లైడర్‌ని (రాబడిలో ఎంత సైన్స్‌కి పోవాలో చెప్పేది) చాలా టర్న్‌ల పాటు 100 శాతం మీద ఉంచవచ్చు. మీ సైన్స్ లోటుకి అన్నిటికన్నా త్వరగా పనిచేసేది ఇదే, తర్వాతి ఆటలో ముందు దీన్నే పట్టుకోండి.