టెక్ సందేహాలు: వీడియోలో అర్థమైన లెక్క పరీక్షలో రావట్లేదా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. యూట్యూబ్‌లో లెక్కల పాఠం చూసి ‘అర్థమైంది’ అంటుంది. పరీక్షలో సగం మార్కులూ రావు. ఇంకేదైనా మంచి యాప్ చెప్తారా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: యాప్ కన్నా ముందు, చూసే పద్ధతి మార్చండమ్మా. వీడియోలో సార్ చకచకా చేసేస్తుంటే ఏ లెక్కైనా తేలికే. ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనే తేల్చేస్తారు, పరీక్షలో అది తేలకే పిల్లలు ఆగిపోతారు. అందుకే లెక్క చదివి వినిపించగానే వీడియో ఆపేసి, నోట్‌బుక్‌లో తనే మొదలుపెట్టాలి. చిక్కుపడితేనే మళ్లీ ప్లే చెయ్యాలి.

యాప్ కావాలంటే ఖాన్ అకాడమీ ఉచితం. అందులో నాకు నచ్చేవి వీడియోలు కాదు, అభ్యాసాలు. తప్పు చేస్తే హింట్ ఇస్తుంది, మళ్లీ చేయిస్తుంది. మీరు పేరెంట్ అకౌంట్ తెరిచి అమ్మాయి అకౌంట్‌ను కలుపుకుంటే తను ఎక్కడ తడబడుతోందో తెలుస్తుంది. స్టేట్ సిలబస్ అయితే పాఠాల వరస కలవకపోవచ్చు, అధ్యాయం పేరుతో వెతకండి.

ప్రశ్న: మావాడు లెక్కను ఫొటో తీసి, ఫొటోమ్యాథ్ చూపించిన స్టెప్స్ హోంవర్క్‌లో దించేస్తున్నాడు. నాకేమో లెక్కలు రావు. - ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఆ యాప్ ఉండాల్సింది మీ ఫోన్‌లో. గూగుల్ ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ను పెద్దలు అదుపు చేసే యాప్) మీ ఫోన్‌లో పెట్టి, వాడి అకౌంట్‌ను కలుపుకుని, వాడి ఫోన్‌లో ఫొటోమ్యాథ్‌ను బ్లాక్ చెయ్యండి. వాడు చేశాక జవాబు సరిచూడటానికి మీరు వాడుకోండి. నిజానికి చాలాసార్లు అదీ అక్కర్లేదు. x² − 5x + 6 = 0 లెక్కకు 2, 3 అని జవాబు రాశాడనుకోండి. x ఉన్నచోట 2 పెట్టండి (x² అంటే 2×2, 5x అంటే 5×2): 4 − 10 + 6, సున్నా వచ్చింది. 3 పెట్టినా అంతే: 9 − 15 + 6. కూడికలు, తీసివేతలు, గుణకారాలు వస్తే మీరే చెక్ చెయ్యొచ్చు. తర్వాత 5 బదులు 7, 6 బదులు 12 పెట్టి మీ ఎదుటే చెయ్యమనండి (జవాబు 3, 4). దించేవాడైతే అక్కడే దొరికిపోతాడు!

ప్రశ్న: ఫ్రీ ట్రయల్ అని పాప కోసం లెక్కల యాప్ వేశాం. తీసేసినా డబ్బు కట్ అయింది. - ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే (డబ్బు దానంతటదే కట్ అయ్యేలా మీరిచ్చిన అనుమతి) ఆగదు. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి క్యాన్సిల్ చెయ్యండి. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే అక్కడి సబ్‌స్క్రిప్షన్స్‌లో ఉంటుంది. పోయిన డబ్బు కోసం కంపెనీకి ఫోన్ చేసి ఊరుకోకుండా మెయిల్ కూడా పెట్టండి.